కనిపించని వైకల్యాలు: స్వచ్ఛంద గుర్తింపు, పోలీసు శిక్షణ

చూడగానే తెలియని వైకల్యం ఉన్న మనిషి, అవసరం పడ్డప్పుడు ఆ సంగతి ఎదుటివారికి తెలపడానికి తనంతట తాను ఎంచుకునే కార్డు, బ్యాడ్జి, మెడపట్టీ, ఫోన్‌లో ముందే రాసి పెట్టుకున్న సందేశం వంటి ఏర్పాటునే స్వచ్ఛంద గుర్తింపు అంటారు. ఆ గుర్తు కంటబడినప్పుడు గానీ, గుర్తేదీ లేకున్నా ఎదుటివారి తీరులో తేడా కనిపించినప్పుడు గానీ పోలీసు ఎలా మాట్లాడాలి, ఏ పని చేయకూడదు అన్నది శిక్షణకు సంబంధించిన విషయం. ప్రపంచంలో ఈ రెండూ వేర్వేరు దారుల్లో పెరిగాయి. గుర్తులు విమానాశ్రయాల నుంచి, రైళ్ల నుంచి, స్వచ్ఛంద సంస్థల నుంచి వచ్చాయి. శిక్షణ మాత్రం ఎక్కువగా ప్రాణాలు పోయిన ఘటనల తర్వాత వచ్చింది. భారతదేశంలో చట్టం శిక్షణనే తప్పనిసరి చేసింది, గుర్తును చేయలేదు. ఆ వరుస సరైనదే.

హైదరాబాద్ వాయవ్యాన ఉన్న బాలానగర్ పారిశ్రామికవాడను, దానికి పడమటి వైపున ఉన్న హైటెక్ సిటీ ఐటీ కారిడార్‌ను ఆధారం చేసుకుని ఈ వ్యాసం సాగుతుంది. చాలాకాలంగా ఈ రెండూ సైబరాబాద్ పోలీసు కమిషనరేట్ కిందే ఉన్నాయి. ఒకే కమిషనరేట్ పోలీసులు పొద్దున లేత్ మిషన్ కార్మికుడితో, రాత్రి సాఫ్ట్‌వేర్ ఉద్యోగితో మాట్లాడాల్సి వస్తుంది. ఇద్దరిలోనూ కంటికి కనబడని ఇబ్బంది ఉండవచ్చు.

చట్టం లెక్కలో ఉన్నవి, లేనివి

1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం, 2016 ఆ సంఖ్యను 21కి పెంచింది. కొత్తగా చేరినవాటిలో చాలా వరకు బయటికి కనిపించనివే. ఆటిజం, అభ్యసన వైకల్యాలు, మల్టిపుల్ స్క్లెరోసిస్, హిమోఫీలియా, తలసేమియా, సికిల్ సెల్ జబ్బు ఆ కోవలోకి వస్తాయి. మానసిక అనారోగ్యం, మేధో వైకల్యం, వినికిడి లోపం పాత చట్టంలోనూ ఉన్నాయి.

జాబితా ఎంత పెరిగినా బయట మిగిలిపోయేవారు ఉంటూనే ఉన్నారు. మూర్ఛ పేరు అందులో విడిగా లేదు. మధుమేహం లేదు. స్వరపేటిక తొలగింపు, మెదడు దెబ్బతిని మాట పోవడం వంటి కారణాలతో వచ్చే శాశ్వత లోపాన్నే చట్టం వాక్ వైకల్యంగా నిర్వచించింది కాబట్టి మామూలు నత్తికి అందులో చోటు దొరకడం కష్టం. వినికిడి సంగతి మరీ విచిత్రం. రెండు చెవుల్లోనూ మాటలు వినే స్థాయిలో 60 నుంచి 70 డెసిబెల్‌ల లోపం ఉంటేనే ‘వినికిడి తక్కువ’ కింద లెక్క. 45 డెసిబెల్‌ల లోపం ఉన్నవాడు ట్రాఫిక్ రొదలో ఎదుటి మనిషి మాట పట్టుకోలేడు, అయినా చట్టం దృష్టిలో అతనికి ఏ లోపమూ లేదు.

2011 జనగణన దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులున్నారని తేల్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 22.66 లక్షలు. దేశం మొత్తం మీద చూస్తే వికలాంగులు జనాభాలో 2.21 శాతం. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే మాత్రం పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని చెప్పింది. హైదరాబాద్‌తో కలిపి ఐదు ప్రాంతాల్లో జరిగి 2018లో వెలువడిన అధ్యయనం ఒకటి, రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో దాదాపు ఎనిమిది మందికి ఒకరిలో మెదడు ఎదుగుదలకు సంబంధించిన ఏదో ఒక లోపం ఉందని లెక్కగట్టింది. ఈ లెక్కల్లో ఒక్కొక్కటి ఒక్కో కొలబద్ద వాడింది కాబట్టి కలిపి కూడటం కుదరదు. అయినా ఒక సంగతి స్పష్టం. వాకిట్లో నిలబడి ‘ఇంట్లో వికలాంగులెవరైనా ఉన్నారా’ అని అడిగితే బయటపడేవారు కొందరే.

బాలానగర్: యంత్రాల పక్కన చెవులు

బాలానగర్ అంటే పాతతరానికి 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ వారి మందుల కర్మాగారం, విమానాల సంస్థ హెచ్‌ఏఎల్, 1968 నాటి పనిముట్ల రూపకల్పన సంస్థ సీఐటీడీ గుర్తొస్తాయి. పెద్ద కంపెనీల వెలుగు తగ్గినా వాటి చుట్టూ పుట్టిన చిన్న షెడ్లు నిలిచాయి. రేకుల కప్పు కింద లేత్‌లు, మిల్లింగ్ మిషన్లు, పవర్ ప్రెస్‌లు. ప్రెస్ దెబ్బ పడ్డ ప్రతిసారీ రేకు అదురుతుంది. ఫ్యాక్టరీల నిబంధనల ప్రకారం ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్‌లే హద్దు. చెవిలో ప్లగ్గు పెట్టుకుంటే మేస్త్రీ కేక వినపడదని తీసేసేవాళ్లు, అసలు ప్లగ్గే ఇవ్వని యజమానులు, ఇద్దరూ ఉంటారు.

రొద వల్ల వచ్చే చెవుడు ఒక్కసారిగా రాదు. మొదట 4,000 హెర్ట్జ్ దగ్గరి హెచ్చు స్వరాలు పోతాయి. అంటే స, ష, త, క వంటి హల్లులు చెరిగిపోయి, అచ్చుల మోత మాత్రం మిగులుతుంది. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. కార్మికుడికి కూడా తన చెవి పోయిందని చాలా ఏళ్లు తెలియదు. జనం సరిగా మాట్లాడటం లేదనుకుంటాడు. ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలు ఈ చెవుడును వృత్తి వ్యాధిగా గుర్తించింది. పక్కనే సనత్‌నగర్‌లో ఈఎస్ఐ ఆస్పత్రి ఉంది. పరీక్ష చేయించుకునేది మాత్రం కొందరే, ఎందుకంటే చెవుడని తేలితే పని పోతుందన్న భయం.

ఇలాంటి ప్రెస్ ఆపరేటర్ ఒకడు రెండో షిఫ్టు దిగి నర్సాపూర్ చౌరస్తా దగ్గర, 2021 జులైలో తెరిచిన ఫ్లైఓవర్ కింద, బండి మీద వస్తున్నాడనుకుందాం. తల మీద హెల్మెట్, పక్కన లారీల హారన్లు. కానిస్టేబుల్ ‘ఆపు’ అన్నది వినపడక పది గజాలు ముందుకు పోయి ఆపాడు. తప్పించుకోబోయాడన్న అనుమానం అక్కడే మొదలైంది. ‘లైసెన్స్ తియ్’ అంటే ‘ఆఁ?’ అన్నాడు. మళ్లీ అడిగితే మళ్లీ ‘ఆఁ?’. చెవి నరం దెబ్బతిన్నవాడికి తన గొంతు తనకే సరిగా వినపడదు కాబట్టి జవాబు గట్టిగా వస్తుంది. ‘ఏంది, గట్టిగ మాట్లాడుతున్నవ్?’ అన్న మాటతో తనిఖీ కాస్తా తగవులోకి దిగుతుంది. పక్క షెడ్డులో పనిచేసే బిహారీ, ఒడియా కార్మికుడైతే కానిస్టేబుల్ అది భాష తెలియక వచ్చిన ఇబ్బందే అనుకుంటాడు, చెవుడన్న ఊహే రాదు.

ఇక్కడ కావలసింది పెద్ద విద్యేమీ కాదు. దీపం కింద, ఎదురుగా నిలబడి, పెదవులు కనిపించేలా, మామూలు గొంతుతో, చేత్తో లైసెన్స్ సైగ చూపుతూ అడిగితే చాలు. అరిచినకొద్దీ హల్లులు ఇంకా చెదిరిపోతాయి.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద చిన్నతనంలో కాక్లియర్ ఇంప్లాంట్ పొందిన పిల్లలు ఇప్పుడు బండ్లు నడిపే వయసుకు వచ్చారన్నది కూడా గుర్తుంచుకోవాలి. హెల్మెట్ కింద చెవి వెనక యంత్రం ఇమడక తీసి జేబులో పెట్టుకునేవారు ఉంటారు. అప్పుడు వాళ్లకు ఏమీ వినపడదు.

కారిడార్ వైపు

1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరుచుకున్న నాటి నుంచి మాదాపూర్, గచ్చిబౌలి వైపు పెరిగిన ఉద్యోగ జీవితంలో స్వచ్ఛంద వెల్లడి కొత్త మాట కాదు. అమెరికాలో ప్రభుత్వ కాంట్రాక్టులు చేసే కంపెనీలు తమ ఉద్యోగులను వైకల్యం ఉంటే చెప్పమని, చెప్పడం చెప్పకపోవడం వారి ఇష్టమని ఒక ఫారంలో అడగాలి. అలాంటి కంపెనీల పద్ధతులు ఇక్కడి మానవ వనరుల విభాగాలకూ తెలిసినవే. మన 2017 నిబంధనలు కూడా 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలు సమాన అవకాశాల విధానం ప్రకటించాలంటాయి. ఆఫీసు గేటు దాటి రోడ్డు మీదికొస్తే మాత్రం ఆ ఫారం ఎందుకూ కొరగాదు. మేనేజరుకు తెలిసిన సంగతి నాకాబందీ దగ్గర నిలబడ్డ హోంగార్డుకు తెలియదు.

పోలీసు కంటికి ఏం కనిపిస్తుంది

పోలీసు ఉద్యోగం అనుమానం మీద నడుస్తుంది. కళ్లలోకి చూడకపోవడం, ప్రశ్నకు జవాబు ఆలస్యం కావడం, తడబాటు, పరుగు, చెమటలు. నేరస్తుడిని పట్టించే సూచనలుగా తరతరాలుగా స్టేషన్లలో నేర్పుతున్నవి ఇవే. దురదృష్టం ఏమిటంటే కనిపించని వైకల్యాల లక్షణాలూ అవే.

ఆటిజం ఉన్న యువకుడు దారితప్పి స్టేషన్‌కు వచ్చాడనుకోండి.

‘నీ పేరేంటి?’
‘నీ పేరేంటి.’
‘నిన్నే అడిగేది. ఎక్కడుంటవ్?’
‘ఎక్కడుంటవ్.’

వింటున్నవారికి ఇది వెటకారం. నిజానికి విన్న మాటను తిరిగి పలకడం ఆటిజంలో తరచు కనిపించే తీరు. గొంతు హెచ్చినా, భుజం పట్టి ఊపినా అతను చెవులు మూసుకోవచ్చు, పరుగెత్తవచ్చు, చెయ్యి విదిలించవచ్చు. ఆ విదిలింపే తర్వాత ‘విధులకు ఆటంకం’ అన్న కేసు కావచ్చు. ప్రశ్న మార్చి, కాగితం పెన్ను ముందుంచి, ఫోన్‌లో అమ్మ ఫొటో చూపమంటే పని జరగవచ్చు.

మేధో వైకల్యం ఉన్నవారిది దీనికి వ్యతిరేకమైన ప్రమాదం. వాళ్లు ఎదురు చెప్పరు. పెద్దవాళ్లు అడిగినదానికి ‘అవును సార్’ అంటే మెచ్చుకుంటారని చిన్నప్పటి నుంచి అలవాటు. ‘నువ్వే తీశావా?’ అంటే అవును సార్. ‘తీయలేదా?’ అంటే అదీ అవును సార్. మొదటి ప్రశ్న దగ్గర ఆగిపోయిన విచారణలో దొంగ దొరికినట్టే.

మధుమేహానికి ఇన్సులిన్ వాడే మనిషికి చక్కెర పడిపోతే చెమటలు, తూలడం, ముద్దమాట, చిరాకు. డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలో ఇవన్నీ తాగుడు గుర్తులే. ఇక్కడ యంత్రమే సాయపడుతుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ చట్టం పెట్టిన హద్దు. ఊదితే సున్నా వచ్చి, మనిషి మాత్రం తూలుతుంటే అప్పుడు గుర్తుకు రావలసింది గంజాయి ఒక్కటే కాదు. స్పృహలో ఉంటే తీపి ఇవ్వాలి, 108కి ఫోన్ చేయాలి.

మూర్ఛలో అందరికీ తెలిసినది కొట్టుకోవడం, నురగ. తెలియని రకం ఇంకొకటుంది. మనిషి నిలబడే ఉంటాడు, చొక్కా గుండీలు తడుముకుంటాడు, పిలిస్తే పలకడు, అలా నడిచిపోతాడు. వెనక నుంచి పట్టుకుంటే గింజుకుంటాడు. అది ఎదురుతిరగడం కాదు, అతనికి తెలిసి చేస్తున్నదీ కాదు. కొట్టుకుంటున్న మనిషి చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం మన వీధుల్లో పాత అలవాటు. పోలీసులూ ఆ వీధుల నుంచే వచ్చినవాళ్లు కాబట్టి వాళ్లూ అదే చేస్తారు. దాని వల్ల ఒరిగేదేమీ లేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తనిది ఉంచాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్.

హిమోఫీలియా గురించి ఒక్క మాట చాలు. రక్తం గడ్డకట్టని మనిషికి లాఠీ దెబ్బ ప్రాణం మీదికి తేవచ్చు, పైకి గాయమేదీ కనిపించకపోయినా. నత్తి ఉన్నవారు ఎక్కువగా ఆగిపోయేది సొంత పేరు చెప్పేటప్పుడే. దొంగ పేరు ఆలోచిస్తున్నాడన్న అనుమానం వచ్చేదీ అక్కడే.

పార్కిన్సన్స్‌లో చేతి వణుకు కొంత కనిపిస్తుంది. గ్లాసు పట్టి నీళ్లు తాగలేకపోవడం దగ్గర ఉండి చూస్తే తప్ప తెలియదు. 2020 చివర్లో తలోజా జైలులో ఉన్న, పార్కిన్సన్స్‌తో బాధపడుతున్న క్రైస్తవ మతగురువు ఫాదర్ స్టాన్ స్వామి నీళ్లు తాగడానికి స్ట్రా, సిప్పర్ కోసం కోర్టుకు వెళ్లాల్సి రావడం దేశమంతా చర్చ అయింది. 2021 జులై 5న ఆయన కన్నుమూశారు.

చట్టం ఎవరి మీద బాధ్యత పెట్టింది

2016 చట్టం 47వ సెక్షన్ పంచాయతీరాజ్ సభ్యులు, శాసనసభ్యులు, పాలనాధికారులు, పోలీసు అధికారులు, న్యాయమూర్తులు, న్యాయవాదుల శిక్షణ కోర్సులన్నిటిలోనూ వికలాంగుల హక్కుల పాఠం తప్పనిసరి అంటుంది. 7వ సెక్షన్ ప్రకారం వికలాంగులపై హింస, దోపిడీ జరిగిందని తెలిసిన పోలీసు అధికారి నాలుగు సంగతులు బాధితులకు చెప్పాలి. రక్షణ కోసం దరఖాస్తు చేసుకునే హక్కుతో పాటు ఆ ప్రాంతపు ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ వివరాలు, పునరావాసానికి సాయపడే దగ్గరి సంస్థ, ఉచిత న్యాయసాయం, ఫిర్యాదు చేసే హక్కు. 92వ సెక్షన్ బహిరంగంగా వికలాంగులను కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా అంటుంది. యూనిఫాం వేసుకున్నవారికి ఇందులో మినహాయింపు రాయలేదు.

2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ఇంకా సూటిగా ఉంటుంది. మానసిక అనారోగ్యం వల్ల తనను తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్నారని నమ్మడానికి కారణం ఉన్నవారిని స్టేషన్ ఇన్‌ఛార్జి అధికారి రక్షణలోకి తీసుకోవాలి. కారణం వారికి చెప్పాలి. 24 గంటలు మించకుండా ప్రభుత్వ ఆరోగ్య సంస్థకు చేర్చాలి. లాకప్‌లో గానీ జైల్లో గానీ ఉంచకూడదు. ఇది 100వ సెక్షన్. పోలీసులకు ఎప్పటికప్పుడు అవగాహన శిక్షణ ఇవ్వాలన్నది 30వ సెక్షన్.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, పాత సీఆర్‌పీసీలో 2013లో చేరిన రక్షణలను కొనసాగించింది. లైంగిక నేరాల బాధితులకు శాశ్వతంగా గానీ తాత్కాలికంగా గానీ వైకల్యం ఉంటే ఫిర్యాదును వారి ఇంటి దగ్గరో, వారికి అనువైన చోటో, దుబాసీ లేదా ప్రత్యేక ఉపాధ్యాయుల సమక్షంలో నమోదు చేయాలి, వీడియో తీయాలి. సాక్షిగా పిలిచేటప్పుడు శారీరక, మానసిక వైకల్యం ఉన్నవారిని స్టేషన్‌కు రమ్మనకూడదు, వారుండే చోటికే వెళ్లాలి. పోక్సో చట్టంలోనూ పిల్లలకు ప్రత్యేక ఉపాధ్యాయుల సాయం ఉంది.

ఈ సెక్షన్లలో ఒక పోలిక గమనించాలి. ‘నమ్మడానికి కారణం ఉంటే’, ‘తాత్కాలికంగా గానీ’ వంటి మాటలు సర్టిఫికెట్ అడగవు. గుర్తించే భారం ఎదుట నిలబడ్డ పోలీసుదే. ప్రభుత్వ క్యాంపులో ఇచ్చే సదరం వైకల్య పత్రం చూపిస్తేనే నమ్ముతామనే అధికారి చట్టాన్ని తలకిందులుగా చదువుతున్నట్టు.

ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన పటాన్ జమాల్ వలీ కేసులో 2021 ఏప్రిల్ 27న వచ్చిన తీర్పు ఈ విషయంలో తెలుగు నేల మీది నుంచి పుట్టిన ముఖ్యమైన పత్రం. పుట్టుకతోనే చూపులేని దళిత యువతిపై జరిగిన అత్యాచారం కేసు అది. జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ ఎం.ఆర్. షా ధర్మాసనం, వైకల్యం ఉన్నంత మాత్రాన సాక్ష్యం బలహీనం కాదని తేల్చింది. పోలీసులకు క్రమం తప్పకుండా శిక్షణ ఇవ్వాలని, ఆ శిక్షణ ఫిర్యాదు నుంచి విచారణ ముగిసేదాకా అన్ని దశలనూ తాకాలని చెప్పింది. ఇలాంటి నేరాల లెక్కలు విడిగా లేని లోటునూ ఎత్తిచూపింది.

గుర్తుల కథ

ఇప్పుడు ఎక్కువ పేరున్నది పొద్దుతిరుగుడు పూల ఆకుపచ్చ మెడపట్టీ. 2016లో లండన్ దగ్గరి గాట్విక్ విమానాశ్రయంలో మొదలై అనేక దేశాలకు పాకింది. బెంగళూరు వంటి భారతీయ విమానాశ్రయాలూ తీసుకున్నాయి. ఎవరైనా వేసుకోవచ్చు, వైద్య పత్రం అడగరు. కొవిడ్ కాలంలో మాస్కు తప్పించుకోవడానికి కొందరు కొనుక్కున్నారన్న విమర్శ అందుకే వచ్చింది.

జపాన్‌లో టోక్యో ప్రభుత్వం 2012లో తెచ్చిన హెల్ప్ మార్క్ ఎర్ర పట్టీ మీద తెల్లని ప్లస్, హృదయం గుర్తు. కావలసిన సాయం రాసుకోవడానికి అంటించే చీటీ ఇస్తారు. ఉత్తర ఐర్లండ్‌లో నౌ గ్రూప్ తయారుచేసిన జామ్ కార్డు ఇంకా పొదుపైనది. ‘ఒక్క నిమిషం ఆగండి’ అన్న కోరిక తప్ప జబ్బు పేరు అందులో ఉండదు. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం 2020 నుంచి ఆటిజం ఉన్న డ్రైవర్లకు నీలిరంగు కవరు ఇస్తోంది. లైసెన్స్, బండి కాగితాలు లోపల పెట్టుకుంటారు. కవరు పైన డ్రైవరు ఏం చేయాలో, పోలీసు ఏం చేయాలో అచ్చువేసి ఉంటుంది. తనిఖీలో ఎలాగూ చేతులు మారే వస్తువు మీదే సూచన రాయడం తెలివైన పని. ఈ నాలుగింటిలో మన రోడ్లకు ఎక్కువ నప్పేది ఇదే.

మన దగ్గర ఉన్నది వేరే రకం కాగితం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన సదరం క్యాంపుల సర్టిఫికెట్, తర్వాత కేంద్రం తెచ్చిన యూడీఐడీ కార్డు, రెండూ అర్హత పత్రాలు. 2024 అక్టోబరు నిబంధనలు కార్డుకు రంగులు పెట్టాయి. 40 శాతానికి లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన నీలం. జనానికి సదరం అంటే పింఛను. పింఛను కోసం శాతం పెంచమని అడిగే కాగితం, రోడ్డు మీద ‘నాకు కాస్త టైమివ్వండి’ అనడానికి పనికొచ్చే కాగితం ఒకటి కావు. పైగా యూడీఐడీ మీద వైకల్యం రకం, శాతం అచ్చై ఉంటాయి. మానసిక అనారోగ్యం అని రాసి ఉన్న కార్డును చౌరస్తాలో పదిమంది ముందు తీయాలంటే ఎవరికైనా చెయ్యి రాదు.

దాచుకోవడానికి కారణాలు

తెలుగు ఇళ్లలో మూర్ఛ సంగతి పెళ్లిచూపుల నాడు ఎందుకు దాస్తారో తెలియాలంటే చట్టాల చరిత్ర కూడా చూడాలి. హిందూ వివాహ చట్టంలో 1999 దాకా మూర్ఛ పెళ్లికి అడ్డంకే. ఆ ఏడాది సవరణతో ఆ మాట తీసేశారు. చట్టం వదిలినా సంబంధాల మధ్యవర్తులు వదల్లేదు. డ్రైవింగ్ లైసెన్స్ దరఖాస్తులోని మొదటి ఫారం మూర్ఛ ఉందా అని ఇప్పటికీ అడుగుతుంది. అందులో లేదని రాసినవారు చెక్‌పోస్టు దగ్గర ఉందని కార్డు చూపితే తమ మీద తామే కేసు పెట్టుకున్నట్టు. నగరంలో ‘వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి’ అన్నది ఇంకా తిట్టుగానే చలామణి అవుతోంది. ఆ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రిలో మందులు తీసుకుని బాలానగర్ షెడ్డులో బుద్ధిగా పనిచేసుకునేవాడు తన చీటీని యజమానికే చూపడు, ఇక పోలీసుకు చూపుతాడా?

కాబట్టి స్వచ్ఛందం అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా నిలబెట్టింది. మానసిక ఆరోగ్య చట్టం 23వ సెక్షన్ రోగి సమాచారానికి రహస్యం హామీ ఇస్తుంది. స్టేషన్ పరిధిలోని ‘మానసిక రోగుల జాబితా’ తయారుచేద్దామన్న ఆలోచన ఎంత సదుద్దేశంతో వచ్చినా ఒప్పుకోకూడదు. ఈనాడు సాయానికి రాసుకున్న పేరు రేపు ఏదైనా నేరం జరిగితే మొదట పిలిపించే పేరు అవుతుంది.

గుర్తు లేకపోతే ఏమవుతుందో చూపిన ఘటన కూడా ఉంది. 2016 అక్టోబరులో గోవాలోని ఒక సినిమా హాల్లో జాతీయగీతానికి లేచి నిలబడలేదని వెన్నెముక గాయం ఉన్న ఒక రచయితను వెనక సీటువాళ్లు కొట్టారు. చక్రాల కుర్చీ పక్కన లేని ఆ చీకట్లో ఆయన వైకల్యం కనిపించలేదు. ఆ డిసెంబరులో సుప్రీంకోర్టు వికలాంగులకు మినహాయింపు స్పష్టం చేసింది. ఆ హాల్లో ఆయన మెడలో పట్టీ ఉండాల్సిందని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా.

శిక్షణ

పోలీసు శిక్షణకు ప్రపంచం చెప్పుకునే నమూనా అమెరికాలోని మెంఫిస్ నగరానిది. 1987లో మానసిక సంక్షోభంలో ఉన్న యువకుడు పోలీసు కాల్పుల్లో చనిపోయాక, 1988లో ఆ నగరం సంక్షోభ స్పందన బృందాన్ని ఏర్పాటు చేసింది. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన పోలీసులకు 40 గంటల శిక్షణ, పోలీసు తెచ్చిన మనిషిని వెంటనే తీసుకునే ఆస్పత్రి, రెండూ కలిస్తేనే అది నడిచింది. ఇలాంటి శిక్షణ పోలీసుల తెలివిడిని, వైఖరిని మారుస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి. గాయాలు, అరెస్టులు అంతే తగ్గుతాయని చెప్పడానికి మాత్రం ఆధారాలు బలంగా లేవు. తరగతి గది ఒక్కదానితో పని కాదని దీని అర్థం.

హైదరాబాద్‌కు ఈ విషయంలో వనరుల కొరత లేదు. హిమాయత్‌సాగర్ దగ్గర రాష్ట్ర పోలీసు అకాడమీ, శివరాంపల్లిలో ఐపీఎస్‌లను తయారుచేసే జాతీయ పోలీసు అకాడమీ ఉన్నాయి. శామీర్‌పేటలో నల్సార్ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రం ఉంది. రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు దేశంలోని సౌకర్యాల స్థితిగతులపై నివేదిక అడిగింది ఈ కేంద్రాన్నే. 2024 నవంబరు 8 తీర్పుకు ఆ నివేదికే ఆసరా. బాలానగర్ పొరుగున బోయిన్‌పల్లి మనోవికాస్‌నగర్‌లో 1984లో వెలసిన జాతీయ మేధో వైకల్య సంస్థ నీపిడ్, ఆ ప్రాంగణం వైపే వినికిడి లోపాలపై పనిచేసే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం, ఇటు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, సనత్‌నగర్ ఈఎస్ఐ. నిపుణులు స్టేషన్‌కు కూతవేటు దూరంలో ఉన్నారు.

ఉన్నతాధికారుల సదస్సులు, బ్యానరు ముందు ఫొటోలు కావాలంటే పెట్టుకోవచ్చు. రోడ్డు మీద మొదటి మాట మాట్లాడేది మాత్రం కానిస్టేబుల్, హోంగార్డు, మెట్రో స్టేషన్ గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషి. శిక్షణ అక్కడి నుంచి మొదలుకావాలి. రోల్ కాల్‌లో పావుగంట చాలు. ఒకరే మాట్లాడాలి, ఒకసారి ఒకే ప్రశ్న, పది లెక్కపెట్టేదాకా జవాబు కోసం ఆగాలి, వెనక నుంచి తాకకూడదు, సైరన్ ఆపాలి, ఇంటివాళ్లకు ఫోన్ చేయనివ్వాలి. ఆయుధం, ప్రమాదం లేని చోట ఈ ఓపికకు ఖర్చయ్యేది రెండు నిమిషాలు. పాఠం చెప్పేవారిలో ఆటిజం ఉన్నవారు, వినపడనివారు, మానసిక వ్యాధి నుంచి కోలుకున్నవారు కూర్చోవాలి. డాక్టరు చెప్పిన లక్షణాల పట్టిక మరుసటి రోజుకు మరిచిపోతారు. ఎదుట కూర్చుని తనను స్టేషన్‌లో ఎలా చూశారో చెప్పిన మనిషిని మరవరు.

చదువుతున్నవారి ఇంట్లో ఇలాంటివారుంటే ఒక పని ఇవాళే చేయవచ్చు. తెలుగులో, హిందీలో మూడు వాక్యాలు రాసి లైసెన్స్ కవరులో, ఫోన్ వెనక పెట్టించండి. ‘నాకు సరిగా వినపడదు. ఎదురుగా నిలబడి మెల్లగా చెప్పండి. ఈ నంబరుకు ఫోన్ చేయండి.’ జబ్బు పేరు రాయనక్కరలేదు, శాతం అసలే వద్దు. ఆ చీటీ మరిచిపోయి బయటికి వెళ్లినంత మాత్రాన వారి హక్కు ఏదీ తగ్గదు. చీటీ చూపలేదు కాబట్టి మాకు తెలియలేదని స్టేషన్‌లో ఎవరైనా అంటే, 47వ సెక్షన్ 2017 నుంచి అమల్లో ఉందని గుర్తుచేయండి.